షహజాది బేగం బకెట్లు

షామీర్‌పేటలో చెరువుంది. మా బస్తీలో నల్లా లేదు. ఇదేం లెక్కో ఎవరైనా జవాబు చెప్పండి. ట్యాంకరొస్తేనే నీళ్లు. అందుకే మా దగ్గర బకెట్‌కు తూటు పెట్టడమంటే కూటి కుండను కాలితో తన్నడమే.

గఫూర్ పొలం ప్లాట్లయిపోయింది. అప్పట్నుంచి అతను సుచిత్ర చౌరస్తా దగ్గర అపార్ట్‌మెంట్లకు రంగులు వేస్తున్నాడు. 2012లో ఎండలు ముదరకముందే ఖాళీ రంగు బకెట్లు మూడు తెచ్చి మట్టి నింపాడు. టమాటా నారు పెడతాడట. పొలం పోయాక అతను మట్టి ముట్టడం అదే మొదలు. మట్టి పోసేముందు అడుగున తూట్లు పెట్టబోతే భార్య షహజాది బేగం స్క్రూడ్రైవర్ గుంజుకుంది.

"అజీ, పాగల్ అయినవా? రేపు చెట్లు ఎండిపోతే నీళ్లు దేంట్ల పట్టాలె?"

"తూట్లు లేకుంటే వానకు మునుగుతయ్ బేగం."

"వాన రానీ. అప్పుడు సూద్దాం."

ఎండాకాలమంతా ఆమే పాత దుప్పటి నీడగా కట్టింది. బియ్యం కడిగిన నీళ్లు పోసింది. అతను పనికి పోగానే చెట్లతో ముచ్చట పెట్టేది. అతను ఇంటికొస్తే మాత్రం "నీ గడ్డి" అనేది.

పూత పిందె పడుతుండగా వాన పట్టుకుంది. వదల్లేదు. బకెట్లలో నీళ్లు మట్టి మీదికి తేలాయి, ఆకులు పసుపెక్కి వేలాడాయి. గఫూర్ పని మానేసి బకెట్లు వంచుతూనే ఉన్నాడు. వంచిన కొద్దీ నిండుతున్నాయి. స్క్రూడ్రైవర్ ఇంట్లోనే ఉంది. అడగలేదు మనిషి.

పక్కింటి మార్తమ్మ గోడ మీంచి చూసి నవ్వింది. "గఫూరన్నా, చాపలు పెంచుతున్నవా ఏంది?"

గఫూర్ నవ్వలేదు. "గిది గూడ పోతాంది మార్తమ్మా."

ఆ మాట లోపల షహజాది బేగం చెవిన పడింది. స్క్రూడ్రైవర్ పొయ్యి మీద ఎర్రగా కాల్చి తెచ్చింది. వానలోనే కూర్చుని బకెట్ అడుగుకు దగ్గరగా, పక్కన పొడిచింది. బురదనీళ్లు చిమ్మి ఆమె ముఖాన పడ్డాయి.

"ఏం సూస్తున్నవ్? ఇటుకలు తే, జల్దీ!"

అతను బకెట్లు ఇటుకలెక్కిస్తే, ఆమె తూట్ల కింద తాంబాళాలు పెట్టింది. కాళ్లు కడుక్కోవడానికైనా పనికొస్తాయట ఆ నీళ్లు!

రెండు చెట్లు తేరుకున్నాయి. మూడోది పోయింది. ఆ బకెట్లో కొత్త నారు నాటింది షహజాది బేగమే.

ట్యాంకరొచ్చిన రోజు గఫూర్ బిర్యానీ వండే పెద్ద దేగిశా మోసుకుని లైన్లో నిలబడ్డాడు.

"ఏందన్నా, ట్యాంకరు కాడ దావతా?" అంది మార్తమ్మ.

వెనక నుంచి షహజాది బేగం అందుకుంది. "బకెట్లు ఖాళీ లేవే మార్తా. వాట్లల్ల మా పొలముంది."