ప్రార్థన వరుస

"మెడపట్టీ దగ్గర మడత ఉంది చూడు. కాపరి అంగీ నలిగితే గొర్రెలు నవ్వుతాయి," అంది అత్తయ్య మంచం మీద నుంచి. మా ఆయన ఆదివారం చర్చిలో ప్రసంగానికి వేసుకునే తెల్ల అంగీకి నేను ఇస్త్రీ చేస్తున్నాను. పెట్టె ముందుకు తోసినప్పుడల్లా ఎడమ రొమ్ములో గడ్డ కలుక్కుమంటోంది.

ఆ గడ్డ సంగతి ఆయనకు చెప్పాలని చాలాసార్లు చూశాను. అన్నం వడ్డిస్తూ మొదలుపెడితే ఫోను మోగింది. ఎవరింట్లోనో జ్వరమట, ప్రార్థన చెయ్యాలట, కంచంలోనే చెయ్యి కడిగేసి వెళ్లిపోయారు. పడుకున్నాక మొదలుపెడితే గురకే జవాబు. తప్పిపోయిన ఒక్క గొర్రె కోసం మందనంతా వదిలి వెళ్లిన కాపరి గురించి ఆయన చెబుతుంటే ముందు కూర్చున్న ఆడవాళ్లు కళ్లు తుడుచుకుంటారు. చర్చి వెనక గదిలో వాళ్లకు టీ కాస్తూ నేనూ వింటాను. పెళ్లయిన కొత్తలో నాకూ కళ్లు తడిసేవి. తప్పిపోతే వెతుకుతారు, నిజమే. ఎక్కడికీ పోకుండా గ్లాసులు కడుగుతూ ఉన్నదాన్ని ఎవరు వెతకాలి? ఒకసారి అత్తయ్యతో అదే అంటే, "వాడు నీ ఒక్కదానికే మొగుడై కూర్చుంటే సంఘం ఏమైపోవాలే?" అంది. గడ్డ కోసి చూడాలి, సోమవారం మీవారిని వెంటబెట్టుకు రమ్మని డాక్టరమ్మ చెప్పింది.

ఆ ఆదివారం టీ గిన్నె దించేసి, కొంగు నుదుటి దాకా లాక్కుని, ప్రార్థన చేయించుకునే ఆడవాళ్ల వరుసలో నిలబడ్డాను. నా వంతు వచ్చింది. ఆయన కళ్లు మూసుకునే నా తల మీద చెయ్యి పెట్టారు. ఎంత మెత్తగా పెట్టారో. ఆ చెయ్యి నేను ఇంట్లో ఎరగను.

"ఏం తల్లీ, నీ కష్టమేంటో చెప్పు."

"రొమ్ములో గడ్డ ఉందండీ. రేపు ఆస్పత్రికి రమ్మన్నారు. మీరు నాతో రావాలి."

తల మీద చెయ్యి బిగుసుకుంది. కళ్లు తెరిచారు.

"నువ్వా? ఇదేం పని? ఇంట్లో చెప్పొచ్చుగా."

"ఇంట్లో మీరు దొరకరుగా."

వెనక ఎవరో దగ్గారు. ఆయన గొంతు తగ్గించారు. "రేపు ప్రార్థన కూడిక ఉంది, కుదరదు. అమ్మని తీసుకెళ్లు. జరుగు, జనం చూస్తున్నారు."

మంచం దిగలేని అత్తయ్యని. జరిగాను. నా వెనకున్న ముసలామెకు కంటి ఆపరేషనట, ఒక్కతే వెళ్లాలంటే గుండె దడగా ఉందట.

"నేను లేనా తల్లీ? ఆ రోజు నేనే వచ్చి దగ్గరుండి తీసుకెళ్తాను."

మాటవరసకు అనలేదు. వెళ్తారు కూడా. ఆయన అలాంటివారే. అందుకే ఏడుపు కూడా రాలేదు.

సోమవారం ఒక్కదాన్నే వెళ్లాను. లోపలికి తీసుకెళ్లే ముందు నర్సు నా వెనకాల చూసింది. "తోడెవరూ రాలేదా అమ్మా? మీవారు?"

తల అడ్డంగా ఊపాను. ఆ పిల్ల ముఖం మారిపోయింది. నా చెయ్యి పట్టుకుంది.

"అయ్యో. ఆయన పోయి ఎన్నాళ్లయిందమ్మా?"

"చాలా ఏళ్లయింది," అన్నాను.