వంతు తప్పిన నీళ్ళు

ఆమెను కాలనీ అంతా వాల్వు వదిన అనేది. పెళ్ళయి పదహారేళ్ళయినా మొగుడు తెచ్చిపెట్టలేని మర్యాదను ఆ నాలుగు వాల్వులు తెచ్చిపెట్టాయి. ఓసారి అత్తగారు కూడా నోరు జారి "వాల్వు వదినా" అని పిలిచి నాలిక కరుచుకుంది.

నాలుగు వీధులకు ఉన్నది ఒక్కటే బోరు. మగవాళ్ళ కమిటీ నడిపిన రోజుల్లో మోటారు ఆపిన పాపాన పోలేదు. చివరికి బురద వచ్చింది, ఆ తర్వాత అదీ రాలేదు. బోరుతో పాటే కమిటీ కూడా చేతులెత్తేసింది. అప్పుడు ఆడవాళ్ళు కొంగు బిగించారు. చుట్టూ ఇంకుడు గుంతలు తవ్వారు, వీధికో వాల్వు, వీధికో రోజు వంతు పెట్టారు. ఆ వాల్వులు తిప్పే పని వదినది. రోజూ పొద్దున్నే ఒక పెద్దమ్మ బరువు కట్టిన తాడు బోరులోకి వదిలి, ఎంత లోతున తడిసిందో చూసి "ఊఁ" అంటేనే మోటారు వేసి ట్యాంకు నింపాలి. ఆ తర్వాత వదిన పైపు మీద పానాతో మూడు దెబ్బలు కొడితే నీళ్ళు వదులుతున్నట్టు. వంతున్న వీధివాళ్ళు బిందెలతో కుళాయిల దగ్గరికి పరిగెత్తేవాళ్ళు. రెండేళ్ళకు బోరు మళ్ళీ కోలుకుంది. ఆ కబురు నీళ్ళమ్ముకునే ట్యాంకరు ఓనరు చెవిన పడింది. బోరు తోడుకుంటానని అడిగాడు, బెదిరించాడు. కుదరదు పొమ్మన్నారు.

ఆ రోజు మూడో వీధి వంతు. ట్యాంకు నిండి ఉంది, వాల్వు ఇంకా తిప్పలేదు. వదినా పెద్దమ్మా బోరు పక్కనున్న వాల్వుల గది దగ్గరే ఉన్నారు. ఎనిమిదింటికి నలుగురు మనుషులు పెద్ద మోటారొకటి వేసుకుని ట్రాలీ ఆటోలో దిగారు. ముందు దిగినవాడు ఓనరు దగ్గర ట్యాంకరు తోలే డ్రైవరు, వదినకు సొంత తమ్ముడు. తల్లి పోయాక వాడికి అన్నం కలిపి తినిపించింది ఈవిడే.

"అక్కా, పక్కకి తప్పుకో. పది రోజులు తోడుకుని పోతాం, అంతే."

"పదకొండో రోజు ఏం తాగమంటావురా? మీ ఓనరు మొహం కడిగిన నీళ్ళా?"

"నీ జోలికి రావద్దని వీళ్ళకి ముందే చెప్పాను. నన్ను ఇరికించకు."

పెద్దమ్మ వెళ్ళి బోరు మూత మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. "ముందు నన్ను తోడండ్రా, తర్వాత నీళ్ళు తోడుదురు గాని."

ఒకడు ఆమె జుట్టు పట్టి లాగి అవతలికి విసిరాడు. సిమెంటు గట్టుకు తల తగిలిన చప్పుడు వదినకు తన పళ్ళలో వినిపించింది. ఆమె పానా ఎత్తి వాడి మోకాలి మీద కొట్టింది. ఎముక విరిగి వాడు గావుకేక పెట్టాడు. రెండో దెబ్బ వేసేలోపు తమ్ముడు ఆమె కుడి మణికట్టు మెలిపెట్టి, చెంప పగలగొట్టి, వాల్వుల గదిలోకి నెట్టి బయట గడియ పెట్టాడు. తలుపుకు వీపు ఆనించి కాపలా నిలబడ్డాడు.

ఆమె రక్తంతో పాటు ఒక పన్ను ఉమ్మింది. పానా మాత్రం వదల్లేదు. ఎడమ చేత్తో దాన్ని ఎత్తి పైపు మీద టంగు టంగుమని మూడు దెబ్బలు కొట్టింది. వెనక కిటికీలోంచి మూడో వీధి వైపు చూసింది. మూడో వీధి ఆడవాళ్ళు బిందెలతో పరిగెత్తుకొచ్చి, బుద్ధిగా కుళాయిల దగ్గర వరస కట్టారు. మళ్ళీ కొట్టింది. వాళ్ళు బిందెలు సర్దుకున్నారు. అన్ని నియమాలు పెట్టుకున్నారు, అంత తెలివిగలవాళ్ళు, ఆపదకంటూ ఒక దెబ్బ మాత్రం పెట్టుకోలేదు! ఆమెకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

అప్పుడు ఆమె మొదటి వీధి వాల్వు తిప్పింది. నిన్ననే వంతు అయిపోయిన వీధి అది.

"నీళ్ళొచ్చాయర్రా!" అని మొదటి వీధిలో కేక లేచింది. మూడో వీధి భగ్గుమంది.

"నిన్న వాళ్ళకే, ఇవాళా వాళ్ళకేనా? దాని వాల్వు పీకి పారేస్తా పదండి!"

నలభై మంది ఆడవాళ్ళు ఖాళీ బిందెలతో మలుపు తిరిగారు. వదిన జుట్టు పీకడానికి వచ్చినవాళ్ళకు రక్తంలో పడి ఉన్న పెద్దమ్మ కనిపించింది. కళ్ళు తెరిచే ఉన్నాయి, ఈగ వాలినా మూయడం లేదు. పక్కనే బోరు మూత లేపుతూ మగవాళ్ళు.

బిందెలు లేచాయి. ఇద్దరు ఆటో వదిలేసి పారిపోయారు. మోకాలు విరిగినవాడు పాకుతూ ఆటో కిందికి దూరాడు. తలుపు దగ్గర తమ్ముడొక్కడే దొరికాడు.

"అక్కా! చెప్పక్కా వీళ్ళకి!"

"ఆపండే! వాడు నా తమ్ముడు!" అని ఆమె గొంతు చించుకుంది. ఎవరికీ వినపడలేదు. వాణ్ణి చంపేయాలన్నంత కోపం, వాడు చచ్చిపోతాడన్న భయం, రెండూ ఒకేసారి ఆమె గుండెలో కొట్టుకున్నాయి. ఇప్పుడు ఆ చేతులను ఆపగలిగేది నీళ్ళొక్కటే. మొదటి వాల్వు మూస్తేగాని ఎత్తు మీదున్న మూడో వీధికి నీళ్ళెక్కవు. మూయడానికి పద్నాలుగు చుట్లు, తెరవడానికి పద్నాలుగు. కుడి చెయ్యి లేవడం లేదు, ఉన్నది ఒక్క ఎడమ చెయ్యి.

తలుపవతల ప్రతి దెబ్బకీ "అక్కా" అంటున్నాడు. మూసింది. మూడోది తిప్పడం మొదలుపెట్టింది. తొమ్మిదో చుట్టు దగ్గర ఆ పిలుపు ఆగిపోయింది. ఆమె అరుస్తూ, ఏడుస్తూ మిగతా అయిదు చుట్లూ తిప్పింది.

"నీళ్ళే! మన నీళ్ళొచ్చాయే!" అని మూడో వీధిలోంచి కేక వినిపించింది. బిందెలు వెనక్కి మళ్ళాయి.

గడియ తీసినావిడ కాసేపటికి నిండు బిందె తెచ్చి, తలుపు బయట తమ్ముడి దగ్గర కూలబడ్డ వదిన పక్కన పెట్టింది. బిందె సొట్టపోయి ఉంది. తెచ్చినావిడ తల వంచుకునే అంది.

"మీ వీధి వంతు కాదు వదినా. అయినా ఉంచు."

వదిన తమ్ముడి తల ఒళ్ళోకి తీసుకుని, దోసెడు నీళ్ళు వాడి నోటి దగ్గర పెట్టింది.

"తాగరా. దీనికోసమేగా వచ్చావు, తాగు."

నీళ్ళు పెదవి చివర నుంచి కారిపోయాయి. ఆమె మళ్ళీ దోసిలి ముంచింది.