తలుపులో నట్టు

"కాదు," అంది నొరీన్ వంటింటి కిటికీలోంచి.

ఆ మాట ఆమె మొగుడు డెల్మర్‌కి వినపడలేదు. గ్యారేజీలో మడత కుర్చీ వేసుకుని కూర్చున్న ఫ్లాయిడ్ చెయ్యి అడ్డంగా ఊపి చూపిస్తే తెలిసింది. కారు తలుపులోంచి చెయ్యి బయటికి లాగాడు. మోచేతి దాకా నల్లటి జిడ్డు, దాని పైన రేకు అంచు గీరుకున్న ఎర్రటి చార. వేళ్ళ మధ్య ఉన్న నట్టుని గుడ్డతో తుడిచి పాత కాఫీ డబ్బాలో వేశాడు. పొద్దుట్నుంచీ కాదన్నవన్నీ అందులోకే పోతున్నాయి. కుడి పక్క తలుపుకి లోపలి అట్ట ఊడదీసి, అడుగున ఓ నట్టు పడేసి, తలుపు పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊపుతాడు. కిటికీ దగ్గర కూర్చుని బంగాళాదుంపలు చెక్కుతున్న నొరీన్ చాకు ఆపి వింటుంది. విని, కాదంటుంది.

"అక్కా, షుగరు చెవులకి కూడా పాకిందేమో, ఓసారి చూపించుకో," అన్నాడు ఫ్లాయిడ్.

"నీ నోటికి పాకలేదుగా, అదే నా బాధ," అంది నొరీన్.

ఫ్లాయిడ్ ఆమె తమ్ముడు. తుంటి ఎముక మార్పించుకున్న దగ్గర్నుంచి బావగారి గ్యారేజీలో కూర్చుని సలహాలివ్వడమే వాడి ఉద్యోగం. అసలీ నట్టు గొడవంతటికీ మూలపురుషుడు కూడా వాడే.

యాభై ఏళ్ళ కిందటి మాట. బావా బావమరిదీ ఇద్దరూ కార్ల ఫ్యాక్టరీలో ఒకే లైను మీద పనిచేసేవాళ్ళు. డెల్మర్ చక్రాలు బిగించేవాడు. ఫ్లాయిడ్ తలుపులకి అట్టలు తొడిగేవాడు. పెళ్ళికి ముందు డెల్మర్ తను పనిచేసే చోటే ఓ కారు చేయించుకున్నాడు. మజిల్ కార్లనేవాళ్ళు వాటిని. రెండే తలుపులున్న పొట్టి ఒళ్ళు, అందులో లారీని లాగగలిగే ఇంజను. ముదురాకుపచ్చ రంగు, ముందు రేకు మీద రెండు నల్ల చారలు. తెలిసినవాళ్ళ కారు లైను మీదికి వస్తోందంటే తలుపుల దగ్గరి కుర్రాళ్ళకి పండగ. లోపల ఏదో ఒకటి పడేసి అట్ట మూసేసేవాళ్ళు. పెద్ద దొరల కార్లలో కసికొద్దీ వేసేవాళ్ళు, తమవాళ్ళ కార్లలో సరదాకి వేసేవాళ్ళు. ఆ చప్పుడు ఎక్కణ్ణుంచి వస్తోందో తెలియక కారుగలాయన జుట్టు పీక్కోవాలి. ఫ్లాయిడ్ బావగారి కారులో ఓ నట్టు వేశాడు. వేసినవాడు ఊరుకోలేక పెళ్ళి విందులో, కడుపులో బీరు పడగానే, అందరి ముందూ చెప్పేశాడు.

పెళ్ళయిన మర్నాడే ఇద్దరూ ఆ కారులో ఉత్తరాన ఉన్న పెద్ద వంతెనకి వెళ్ళారు. ఆ వంతెన మీద ఒక వరసంతా ఇనుప జల్లెడే. కింద నీళ్ళు కనిపిస్తాయి, టైర్లు జుమ్మని పాడతాయి. దాని మీద ఎక్కగానే తలుపులో నట్టు గంతులు మొదలుపెట్టింది. నొరీన్ పగలబడి నవ్వింది. "చూశావా డెల్, మా తమ్ముడు కూడా వచ్చాడు మనతో!" అంది. తిరిగొచ్చాక తీసిపారేస్తానని డెల్మర్ పానా పట్టుకుంటే నొరీన్ తియ్యనివ్వలేదు.

ఆ పచ్చది వాళ్ళ దగ్గర ఎక్కువ కాలం లేదు. పెట్రోలు కరువొచ్చిన చలికాలం ఫ్యాక్టరీ మూసేసి అందర్నీ ఇంట్లో కూర్చోబెట్టారు. ఒహాయో నుంచి ఎవరో వచ్చి కారు కొనుక్కుని తోలుకుపోయాడు. ఫ్యాక్టరీ మళ్ళీ తెరిచారు. డెల్మర్ మళ్ళీ వెళ్ళి చక్రాలు బిగించాడు. కారు వస్తుంది, చక్రం ఎత్తుతాడు, గాలి మిషనుతో నట్లు బిగిస్తాడు, ఇంకో కారు వస్తుంది. ముప్ఫై ఏళ్ళు ఇంతే. చెప్పుకోవడానికి ఇంకేం లేదు. ఫోర్‌మన్ అవుతావా అని ఒకసారి అడిగారట, వద్దన్నాడట. ఆ మిషను మోత అతని చెవుల్లోంచి సన్నటి చప్పుళ్ళన్నీ తీసుకుపోయింది. పిట్టల కూత పోయింది, గడియారం పోయింది, పక్కగదిలోంచి పెళ్ళాం పిలిచే పిలుపు పోయింది. కుడి భుజం ఎడమదానికంటే కిందకి జారిపోయింది. చొక్కా వేసుకుంటే కొక్కేనికి వంకరగా తగిలించినట్టుండేది.

రిటైరయ్యాక ఓ రైతు కొట్టంలో సరిగ్గా ఆ ఏటిదే, ఆ రకందే ఓ డొక్కు దొరికింది.

"బావా, దీన్లో కోళ్ళు కాపురం చేశాయి," అన్నాడు ఫ్లాయిడ్ అప్పుడు. "ఖాళీ చేయమని వాటికి చెప్పావా?"

డెల్మర్ తుప్పు గోకడం మొదలుపెట్టాడు. రేకు రేకూ, బోల్టు బోల్టూ ఏళ్ళ తరబడి కూర్చాడు. అతను తుప్పు గోకుతుంటే లోపల ఇంట్లో షుగరు నొరీన్ కళ్ళని గోకుతోంది. ఆ సంగతి తెలిసి చేతులు తొందరపెట్టాడు గానీ, షుగరే గెలిచింది. ఆకుపచ్చ రంగు వేసి మెరుగు పెట్టి, ఆమెని చెయ్యి పట్టి కారు ముందు నిలబెట్టేసరికి ఆమెకి వెలుగు తప్ప ఇంకేమీ తెలియడం లేదు. అరచెయ్యి రేకు మీద ఆనించి, "చల్లగా ఉంది," అంది. డెల్మర్ గ్యారేజీ వెనక్కి వెళ్ళి ఏడ్చాడు.

కిందటి వారం మొదటిసారి ఆమెని ఎక్కించుకుని వీధులన్నీ తిప్పాడు. ఇంజను సింహంలా ఉంది. నొరీన్ ఒళ్ళో చేతులు పెట్టుకుని, ముక్కూమొహం ఎరగనివాళ్ళింటికి చుట్టపుచూపుగా వెళ్ళినట్టు కూర్చుంది. దిగేటప్పుడు అంది:

"బాగుంది డెల్. ఎవరిదో మంచి కారెక్కినట్టుంది."

ఆమె మెచ్చుకోలుగానే అంది. డెల్మర్‌కి ఆ రాత్రి అన్నం సహించలేదు. ఆమె చూడలేని రంగు కోసం ఇన్నేళ్ళు పోసి, ఆమె వినగలిగేది మర్చిపోయాడు. నట్టు లేకపోతే అది ఆమె కారు కాదు. రేపు శనివారం. రేపు ఆమెని వంతెన మీదికి తీసుకెళ్ళాలి. ఈలోగా ఆ చప్పుడు దొరకాలి. దొరికిందో లేదో తనకి తెలిసే దారి లేదు, ఆమె చెప్పాల్సిందే.

మధ్యాహ్నం ముగ్గురూ వంటింట్లో కూర్చుని, వేయించిన బొలోనా మాంసం ముక్కలు పెట్టిన బ్రెడ్డు తిన్నారు. డెల్మర్ సగం తిని పక్కన పెట్టాడు.

"ఏం నట్టు వేశావో గుర్తు తెచ్చుకోరా," అన్నాడు ఫ్లాయిడ్‌తో.

"శుక్రవారం సాయంత్రం, జీతాలిచ్చిన రోజు. నా పేరే గుర్తు లేదు, నట్టెక్కడ గుర్తుంటుంది బావా?"

"నట్టుది కాదేమో తప్పు," అంది నొరీన్. గట్టిగా, డెల్మర్ వైపు తిరిగి, ఒక్కో మాటా విడదీసి అంది. "అప్పుడది పరుగెత్తేది డెల్. ఈ చివర్నుంచి ఆ చివరికి పరుగెత్తి, కాస్త ఆలస్యంగా టక్కుమనేది. ఇప్పుడు బురదలో నడుస్తున్నట్టుంది."

డెల్మర్ కప్పు కింద పెట్టాడు.

బురదే. తనే పోశాడు. మోత రాకుండా, తుప్పు పట్టకుండా తలుపు అడుగునంతా మందపాటి తారు పట్టా అంటించాడు. పాత పచ్చదానికి అదెక్కడిది? శుక్రవారం సాయంత్రం లైను మీదికొచ్చిన కారుకి తలుపులు ఊడకుండా ఉండటమే గొప్ప. తమ చేతుల మీదుగా వెళ్ళిన కార్లు ఎలా ఉండేవో ఎరిగుండీ, ఫ్యాక్టరీ ఏనాడూ చెయ్యనంత బాగా చేసి పెట్టాడు.

"నవ్వుతున్నాడు మీ ఆయన," అన్నాడు ఫ్లాయిడ్ అక్కతో. "ఎన్నాళ్ళకి!"

తిన్నాక ఫ్లాయిడ్ కర్ర అందుకున్నాడు. "రేపు పొద్దున్నే వస్తా. ముందు సీటు నాదే."

"నువ్వు తలుపులో కూర్చుందువుగాని," అంది నొరీన్.

ఆమె కునుకు తీయడానికి వెళ్ళింది. డెల్మర్ గ్యారేజీ తలుపు పైకెత్తి పెట్టుకున్నాడు. కంచె దగ్గర లైలాక్ పొద పూసింది, వాసన లోపలి దాకా వస్తోంది. నేల మీద వెల్లకిలా పడుకుని, తలుపు కన్నంలోంచి చెయ్యి దూర్చి, బిళ్ళ కత్తితో తారు గీకడం మొదలుపెట్టాడు. వేసేటప్పుడు గట్టిగా పట్టాలని వేశాడు, గట్టిగానే పట్టింది. పేడులు పేడులుగా ఊడుతోంది. భుజం నొప్పెట్టింది. ఆ నొప్పి ముప్ఫై ఏళ్ళ చుట్టం కాబట్టి పట్టించుకోలేదు. తర్వాత దవడ లాగింది. చెమటలు పట్టాయి. లేచి కాసేపు బంపరు మీద కూర్చుని, నీళ్ళు తాగి, మళ్ళీ పడుకున్నాడు. చివరి పేడు కూడా ఊడొచ్చాక వట్టి రేకు చల్లగా వేళ్ళకి తగిలింది. కాఫీ డబ్బాలోంచి పొద్దున మొట్టమొదట కాదన్న నట్టునే ఏరి లోపల వేశాడు. తలుపు ఊపాడు. చెవి ఆనించినా ఏమీ వినపడలేదు గానీ, రేకు మీద పెట్టిన వేళ్ళకి ఏదో పరుగెత్తినట్టు తెలిసింది.

అట్ట బిగించాడు. నొరీన్‌ని లేపుదామనుకున్నాడు. కాస్త ఆయాసం తీరనీ అనుకుని అటు తిరిగి వెళ్ళి స్టీరింగు ముందు కూర్చున్నాడు.

ఎండ వాలుతుంటే నొరీన్ నిద్ర లేచింది. వెనక గుమ్మం నుంచి గ్యారేజీ దాకా డెల్మర్ ఆమె కోసం బట్టలారేసే తాడు కట్టాడు. దాన్ని పట్టుకుని నడిచొచ్చింది.

"డెల్?"

పలకలేదు. పలకకపోవడం ఆ ఇంట్లో వింతేమీ కాదు. కారు మీద చెయ్యి జారుస్తూ, అద్దం దాటి, పిడి వెతుక్కుని తలుపు తెరిచింది.

లోపల ఏదో దొర్లుకుంటూ పరుగెత్తింది. కాస్త ఆలస్యంగా టక్కుమంది.

నొరీన్ తలుపు వేసి మళ్ళీ తెరిచింది. మళ్ళీ వేసి మళ్ళీ తెరిచింది.

"ఇదే!" అని అరిచింది, అతనికి వినపడాలని. "ఇదే డెల్! మన కారే! వచ్చాడు ఫ్లాయిడ్ గాడు!"

లోపల కూర్చుంది. పొడుగాటి సీటు మీద, కొత్త పెళ్ళికూతురప్పటిలా, అతని పక్కకి జరిగింది. భుజానికి భుజం తగిలింది. గేరు మీదున్న అతని చేతి మీద చెయ్యి వేసింది. వేళ్ళ సందుల్లో తారు జిగటగా ఉంది. చెయ్యి మాత్రం, ఆ రోజు రేకు ఉన్నట్టే, చల్లగా ఉంది.

ఆమె చెయ్యి తీయలేదు.

"ఇదే," అంది మళ్ళీ. ఈసారి వినపడాలని అనలేదు.

డెల్మర్‌ని సమాధి చేసిన రోజు నొరీన్‌ని ఆ కారులోనే ఇంటికి తీసుకొచ్చాడు ఫ్లాయిడ్. ఆమె అరచెయ్యి తలుపు అట్టకి ఆనించి పెట్టుకుంది. ప్రతి మలుపులోనూ నట్టు అటు పరుగెత్తింది, ఇటు పరుగెత్తింది.

"తీసేయనా అక్కా?" అన్నాడు గ్యారేజీలో ఆపాక. "నేనే కదా వేసింది."

"ఇది నువ్వు వేసింది కాదురా," అంది నొరీన్.

ఆమెని దింపి, తాడు చేతికి అందించాడు. ఆమె గుమ్మం దాకా వెళ్ళేవరకూ చూసి, చప్పుడు కాకూడదని కారు తలుపు మెల్లగా, చాలా మెల్లగా వేశాడు. అయినా లోపల వట్టి రేకు మీద నట్టు దొర్లుకుంటూ పోయి, కాస్త ఆలస్యంగా, చివరన తగిలి ఆగింది.