ఎదుటివాళ్ళు ఎంత కడుతున్నారు?

ఎరుపు క్లబ్బు అధ్యక్షుడు స్పీరు, మంగళవారం పొద్దున్నే నీలం క్లబ్బు పెరటి తలుపులోంచి బయటికి రావడం విస్తిన్ కళ్ళారా చూశాడు. ఎంత ఘోరం! మాల్టాలో ఆ ఊరు పుట్టాక అలాంటి పాపం ఎవడూ కట్టుకోలేదు. చర్చి ముందు ఎదురెదురుగా ఉన్న ఆ రెండు బ్యాండు క్లబ్బులవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూడరు. సొంత అక్క మొగుడు వెన్జు నీలంవాడని విస్తిన్ పంతొమ్మిదేళ్ళుగా ఆ ఇంట మంచినీళ్ళు ముట్టలేదు.

శుక్రవారం సభలో స్పీరు గొంతు సవరించుకున్నాడు.

"కప్పు కారుతోంది. బాకాలన్నీ సొట్టలు. నెలకు అయిదు యూరోల చందాతో క్లబ్బు నడవదు. పదిహేను చెయ్యాలి. లేదంటే పండక్కి ముందే తాళం."

విస్తిన్‌ది చాలీచాలని పింఛను. చందా కట్టకపోతే సభ్యత్వం పోతుంది, సభ్యుడు కానివాడికి ఊరేగింపులో చోటుండదు. నలభై ఏళ్ళుగా క్లారినెట్ ఊదుతున్నవాడు పండగనాడు గోడవార నిలబడి చూడాలా? వీడేదో నాటకం ఆడుతున్నాడు, అనుకుని లేచాడు.

"ముందిది చెప్పు స్పీరూ. మంగళవారం నీలంవాళ్ళ పెరట్లో నీకేం పని? క్లబ్బును ఎంతకు బేరం పెట్టావు?"

గదంతా గగ్గోలయింది. స్పీరు నీళ్ళు నమిలాడు.

"వాళ్ళెంత కడుతున్నారో కనుక్కోడానికి వెళ్ళాను."

"ఎంతట?"

"పదిహేను."

పెద్ద డ్రమ్ము వాయించే ఫిలుమేనా దిగ్గున లేచింది. "ఆ నీలం వెధవలు పదిహేను కడుతుంటే మనం అయిదా? సిగ్గులేదూ మనకి? ఇరవై చెయ్యండయ్యా!"

చేతులు లేచాయి. అందరికంటే ముందు లేచింది విస్తిన్ చెయ్యే. ఏం చేస్తాడు, అతనూ ఎరుపువాడే మరి.

కానీ అనుమానం చావలేదు. ఆ స్పీరు నీళ్ళెందుకు నమిలాడు? మర్నాడు పొద్దున రొట్టెల బండి దగ్గర వెన్జు కనిపించేసరికి విస్తిన్ పంతం దిగమింగుకున్నాడు.

"బావా."

వెన్జు ఉలిక్కిపడ్డాడు. "ఏంట్రా, ఎవరన్నా పోయారా?"

"మీ క్లబ్బులో చందా ఎంత?"

"అయిదు. ఎప్పుడూ అంతేగా. మొన్న మీ స్పీరుకీ అదే చెప్పాం."

విస్తిన్‌కి ఒళ్ళు మండిపోయింది. ఎంత దొంగవెధవ! ఈ మాట వెళ్ళి కూడలిలో అరిస్తే చాలు, చందా మళ్ళీ అయిదే. క్లబ్బుకు తాళమూ ఖాయమే.

వెన్జు పళ్ళికిలించాడు. "ఒరే, మీవాళ్ళు ఇరవై చేశారట, నిజమేనా? వట్టి కోతలని మావాళ్ళు ఒకటే నవ్వు."

"ఇరవయ్యా? ఎవడు చెప్పాడు?" అన్నాడు విస్తిన్. "ముప్పై. అదీ ఏడాదికి సరిపడా ముందే కట్టేశాం."

వెన్జు నవ్వు ఎగిరిపోయింది. రొట్టె మాటే మరిచి తన క్లబ్బు వైపు పరుగెత్తాడు.

"నీకెన్ని, విస్తిన్?" అన్నాడు బండివాడు.

"ఒకటి చాల్లే."

రోజూ తీసుకునేది రెండు.