బల్ల మీది తెల్లగుడ్డ

ఆస్పత్రి లాండ్రీలో క్రిస్మస్ ముందు రోజు పనికి అంతూ పొంతూ ఉండదు. సెలవులు రాకముందే దుప్పట్లన్నీ శుభ్రమై తిరిగి రావాలని వార్డులన్నీ ఒక్కసారే మూటలు పంపుతాయి. ఆమె పొద్దుటి నుంచీ వేడి రోలరు ముందు నిలబడి, తడి దుప్పటి అంచు పట్టి లోపలికి తోస్తూనే ఉంది. పని దిగేసరికి మణికట్లు రెండూ తనవి కానట్టున్నాయి.

"ఇంటికెళ్ళి పడుకో అక్కా," అంది పక్కన దుప్పట్లు మడతపెట్టే ఆవిడ.

"ఇంటికెళ్ళి ఇస్త్రీ చెయ్యాలి," అంది ఆమె.

ఇద్దరికీ నవ్వొచ్చింది. నవ్వే ఓపిక మాత్రం ఒకరికే ఉంది.

చర్చిలో అందరూ ఆమెను ఇస్త్రీ అక్క అంటారు. అది ఉద్యోగం తెచ్చిన పేరు కాదు, అత్తగారి నుంచి దక్కిన వారసత్వం. క్రిస్మస్ ఆరాధనకి చర్చిలో అందరికీ ఎదురుగా ఉండే ప్రభువు బల్ల మీద పరిచే తెల్లగుడ్డ ఆ ఇంటిది. అత్తగారు కాపురానికొచ్చిన కొత్తలో తెల్లటి బట్ట మీద తెల్లదారంతోనే పూలు కుట్టి చర్చికి ఇచ్చింది. ముక్కు ఆనించి చూస్తే తప్ప ఆ పూలు కనపడవు. ఇచ్చి చేతులు దులుపుకోలేదావిడ. ఏటేటా తనే ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చేసి, తనే తీసుకెళ్ళి పరిచేది. ఆవిడ పోయాక ఆ పని కోడలి మీద పడింది. ఇది నీ బాధ్యత అని ఎవరూ అప్పగించలేదు. ఆ ఏడాది పండుగ దగ్గరపడుతుండగా వదినగారు, అంటే భర్త అక్క, ఫోన్ చేసి "గుడ్డ నానబెట్టావా?" అంది. అంతే.

వదినగారు లెక్కల టీచరు. తప్పు కనపడితే ఎర్రసిరాతో సున్నా చుట్టే అలవాటుని బడి గేటు దగ్గర వదిలి వచ్చే మనిషి కాదు. ఆరాధనలో ముందు వరసలో కూర్చుని, పాటల పుస్తకం తెరవకముందే బల్ల వైపు చూసేది. ఎక్కడైనా చిన్న ముడత ఉంటే ఇంటికొచ్చాక, "ఎడం మూల కొంచెం..." అని ఆపేసేది. మిగతాది మనమే పూరించుకోవాలి.

ఆ సాయంత్రం ఆమె ఇల్లు చేరి, చెప్పులు విప్పి, కూర్చోలేదు. కూర్చుంటే మళ్ళీ లేవలేనని ఆమెకి తెలుసు. రోట్లో తలపెట్టాక రోకటి పోటుకి వెరిస్తే ఎలా అనుకుంటూ గుడ్డని ఇంట్లో ఇస్త్రీ బల్ల మీద పరిచి ఇస్త్రీపెట్టె అందుకుంది. అంచులయ్యాయి. పూలయ్యాయి. మధ్యలో ఉండగా కళ్ళు ఒక్క క్షణం మూసుకుంది. క్షణమే అనుకుంది. గుర్రంలా నిలబడే నిద్రపోయింది.

కమురు వాసనకి మెలకువ వచ్చింది. ఇస్త్రీపెట్టె ఎత్తి చూస్తే, గుడ్డకి సరిగ్గా నడిమధ్యన గోధుమరంగు మచ్చ, పడవలా.

మొట్టమొదట ఆమెకి కలిగింది భయం కాదు. 'అమ్మయ్య' అనుకుంది. అనుకున్నాకే ఏమనుకుందో తెలిసింది. పోయినావిడ దీపం ముందు కూర్చుని కళ్ళు పాడుచేసుకుని కుట్టిన పూలు, వాటి మధ్య ఈ మచ్చ, దాన్ని చూసి తన మనసులో అమ్మయ్యా! ప్లగ్గు పీకి, ఆ గుడ్డ ముందే కుర్చీ లాక్కుని కూలబడింది.

భర్త లిఫ్టు మెకానిక్. గ్రీజు చేతులతో వచ్చి, మచ్చ చూసి, చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డాడు, తను ముట్టుకుంటే ఇంకేమవుతుందో అన్నట్టు.

"కొవ్వొత్తుల స్టాండు అక్కడే పెడతారుగా," అన్నాడు. "దాని కిందికి పోతుంది. ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలుస్తుంది. మచ్చ మీద దీపం పెట్టి, దాని ముందు నిలబడి పాట పాడమంటారా?"

"పోనీ, షాపులో ఒకటి కొనుక్కొద్దాం."

"కొంటే దాన్నీ నేనే ఇస్త్రీ చెయ్యాలి."

అతను తల గోక్కున్నాడు. "మరి అక్కకి ఎవరు చెప్తారు?"

"మీ అక్కే కదా."

"లిఫ్టులో ఇరుక్కున్నవాళ్ళని దించమంటే దించుతాను. అక్కకి చెప్పడం మాత్రం నా వల్ల కాదు."

ఆమె ఉన్నదేదో ఇంత తిని, ఊరంతా మేలుకుని ఉండగానే మంచమెక్కింది. పండుగ ముందు రోజు అలా పడుకోవడం పెళ్ళయ్యాక అదే మొదటిసారి.

తెల్లారి చర్చికి వెళ్ళేసరికి పాస్టరు గారు మైకుతో కుస్తీ పడుతున్నారు. ఆమె దగ్గరికెళ్ళి, "ఈసారి బల్ల మీద గుడ్డ లేదండీ. నా చేతుల్లోనే కాలిపోయింది," అంది. దారంతా కూడబలుక్కున్న మాట అది.

"అలాగేనమ్మా, దేవుడు చూసుకుంటాడు," అన్నారాయన. "ఈ వైరు కాస్త పట్టుకుంటావా?"

ఆమె వైరు పట్టుకుంది.

బల్ల బోసిగా నిలబడి ఉంది. ఇన్నేళ్ళూ పరచడమే గాని దాని పైభాగం ఎలా ఉంటుందో ఆమె సరిగ్గా చూసింది లేదు. ఒక మూల పెచ్చు లేచింది. ఎవరో ఎప్పుడో వేడి గిన్నె పెట్టినట్టున్నారు, గుండ్రంగా మరక పడింది. పాటలు మొదలయ్యాయి. ఎవరు ఎప్పుడు వెనక్కి తిరిగి తనని చూస్తారా అని ఆమె ముందు వరసలకేసి చూస్తూనే ఉంది. పాటలయ్యాయి, ప్రసంగమయింది, ప్రార్థనయింది. ఒక్క తల తిరగలేదు. ముందు వరసలో వదినగారి మెడ మాత్రం కర్రలా బిగుసుకుపోయింది.

బయట అందరూ చేతులు కలిపారు. "అలంకరణ ఈసారి భలే కుదిరింది," అన్నారు ఒకరు ఆమెతోనే. ఆమెకి బరువు దించినట్టూ ఉంది, చెంప మీద కొట్టినట్టూ ఉంది. ఇన్నేళ్ళ చాకిరీ ఎవరు చూడాలని చేసినట్టు?

మధ్యాహ్నం భోజనానికి వదినగారు వచ్చింది. కూర్చోకుండానే, "ఏదీ?" అంది.

ఆమె గుడ్డ తెచ్చి చేతికిచ్చింది. "కాల్చేశాను వదినా. నిలబడే నిద్రపోయాను."

భర్త వంటింట్లో గిన్నెలు సర్దుతున్నట్టు చప్పుడు చెయ్యసాగాడు.

వదినగారు గుడ్డని ఒళ్ళో పరుచుకుని, పూల మీద వేలు నడిపిస్తూ చాలాసేపు కూర్చుంది. ఎడం మూల అనలేదు, ఏ మూలా అనలేదు.

"ఎవరైనా అడిగారా?"

"లేదు."

"ఒక్కరూ?"

"మీరే."

వదినగారి ముఖం వాడిపోయింది. మచ్చ చూసినప్పుడు లేని బాధ ఆ మాటకి వచ్చింది. కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంటూ మెల్లగా అంది: "పండుగ ముందు రోజు మమ్మల్ని అమ్మ దగ్గరికి రానిచ్చేది కాదు. గుడ్డకి మరకలవుతాయని. నాకు జ్వరమొచ్చినా నాన్నే చూశాడు. తెల్లారి చర్చికి వెళ్తుంటే అమ్మ ముందు నడిచేది, రెండు చేతుల మీదా గుడ్డ పరుచుకుని. మేం వెనక. అందరి పిల్లలూ తల్లి చెయ్యి పట్టుకుని వెళ్ళేవాళ్ళు." కళ్ళజోడు పెట్టుకుంది. "దీని మీద నాకు ఎంత కోపమో. అమ్మ పోయాక దీన్ని చూస్తేనే అమ్మని చూసినట్టుండేది. అందుకే నిన్ను ఊపిరాడనివ్వలేదు."

ఓదార్చడానికి కూడా ఓపిక ఉండాలి కదా. "అన్నం తిందాం రండి వదినా," అంది ఆమె.

"నువ్వు తిని పడుకో. ముఖం చూసుకున్నావా, పీక్కుపోయింది," అంది వదినగారు. "గిన్నెలు మేం కడుగుతాం. ఒరేయ్, చప్పుడు చెయ్యడం ఆపి నిజంగా కడుగు."

పక్కగదిలో పడుకుంటే, సబ్బు ఎక్కువ పోశావంటే నువ్వే పోశావని అక్కాతమ్ముళ్ళు వాదులాడుకోవడం వినిపించింది. వింటూనే నిద్రపోయింది.

గుడ్డ వదినగారే తీసుకెళ్ళింది. ఏం చేసిందో చెప్పలేదు, వీళ్ళూ అడగలేదు. మరుసటి ఏడాది కూడా బల్ల బోసిగానే ఉంది. "గుడ్డ నానబెట్టావా?" అనే ఫోన్ రాలేదు. దానికి బదులు, "డ్యూటీ ఎన్నింటికి దిగుతావు? తినడానికేమైనా పట్టుకొస్తాను," అని వచ్చింది. లాండ్రీలో మూటలేమీ తగ్గలేదు, మణికట్లు నొప్పి పెడుతూనే ఉన్నాయి. కాకపోతే ఆరాధనలో వదినా మరదళ్ళు ఒకే వరసలో, పక్కపక్కనే కూర్చున్నారు.

ఆ ఏడాదే పెళ్ళయి చర్చికి కొత్తగా వచ్చిన అమ్మాయొకతె ఆరాధనయ్యాక ఆమె దగ్గరికి వచ్చింది.

"ఆంటీ, ఆ బల్ల పెచ్చులేచి బాగా లేదండీ. వచ్చే పండుగకి నేను రుద్ది పాలిష్ పెడతాను. ఇకనుంచి ప్రతి ఏడూ నేనే పెడతాను."

ఆమె వదినగారి వైపు చూసింది. వదినగారు నవ్వు ఆపుకుంటూ పాటల పుస్తకంలోకి చూస్తోంది.

"పెట్టమ్మా, సంతోషం," అంది ఆమె. "ఒక ఏడు పెట్టు. ప్రతి ఏడూ అని మాత్రం అనకు."