శానిటైజర్ కథ

మా ఆఫీసులో నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్ళు తక్కువ. అందరికీ సిస్టర్‌నే. బెంగళూరు మహదేవపురలో ఒక పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీ మెడికల్ రూంలో నర్సుని. తలనొప్పి మాత్రలివ్వడం, బీపీ చూడడం, నిద్రల్లేక కళ్ళు తిరిగి పడిపోయే పిల్లల్ని కాసేపు పడుకోబెట్టడం నా పని. ఏదైనా టీం బయటికి వెళ్తే ఫస్ట్ ఎయిడ్ డబ్బా పట్టుకుని వెనకాల నేనూ వెళ్ళాలి. ఆ శనివారం మధ్యాహ్నం కూడా అలాగే బయలుదేరాను. ఎక్కడికో మా హెచ్చార్ వంశీ చెప్పలేదు, సర్‌ప్రైజ్ అన్నాడు. బస్సు పీణ్య దాటి ఒక గేటు ముందు ఆగాక గానీ అది జిన్ అనే మందు తయారుచేసే డిస్టిలరీ అనీ, మేం వచ్చింది కాక్‌టెయిల్స్ చేయడం నేర్చుకునే క్లాసుకనీ తెలియలేదు.

నాకు ఒళ్ళు మండింది. "ముందే చెప్తే నేను వచ్చేదాన్ని కాదు కదా వంశీ గారూ" అన్నాను.

"అందుకే చెప్పలేదు సిస్టర్. మీ గ్లాసులో జిన్ పొయ్యరులెండి. తాగినవాళ్ళకి ఏమన్నా అయితే చూసే మనిషి ఉండాలి కదా" అని చేతులు జోడించాడు. అంతా నవ్వారు.

నా బాధ వాళ్ళకెలా తెలుస్తుంది? మా నాన్న ఆనందరావు మా తెలుగు చర్చిలో పెద్ద. తాగేవాళ్ళనే కాదు, మందు అమ్మేచోట పనిచేసేవాళ్ళని కూడా ప్రభువు బల్ల దగ్గరికి, అంటే రొట్టె, ద్రాక్షరసం పంచే చోటికి, రానివ్వడు. ఒకసారి వైన్ షాపులో క్యాషియర్‌గా చేరిన కుర్రాడు రొట్టె కోసం చేయి చాపితే, అందరి ముందూ ఆ చేయి అలాగే గాల్లో వదిలేసి పక్కమనిషికిచ్చాడు. ఆ కుర్రాడు మళ్ళీ మా చర్చి మెట్లెక్కలేదు. అలాంటి మనిషి కూతుర్ని, సారా బట్టీ చూడ్డానికి బస్సు దిగుతున్నాను. ఎవరైనా చూస్తే ఏం చెప్పాలో అనుకుంటూ లోపలికి అడుగు పెట్టాను.

వాసన తగిలింది. నిమ్మతొక్క, ధనియాలు, వాటి వెనకాల గొంతులోకి దిగే స్పిరిట్ ఘాటు. కొత్త వాసన కాదది. మా ఆయన చొక్కాలు రోజూ ఉతికేది నేనే.

కరోనా రోజుల్లో మా ఆయన ఆశీష్ పనిచేసే హోటల్ మూసేశారు. బ్యాంక్వెట్ హాల్లో సూటు వేసుకుని తిరిగిన మనిషి ఇంట్లో లుంగీతో కూర్చుని గోడలు చూసేవాడు. నేను అప్పట్లో పనిచేసే ఆస్పత్రిలో పీపీఈ కిట్ వేసుకుని చెమటలు కక్కుతూ కూడా ప్రార్థన చేసేదాన్ని. అప్పుడు ఆయనకి పీణ్యలో శానిటైజర్ కంపెనీలో పని దొరికింది. ఆ ఏడాది కృతజ్ఞతా కూడికలో లేచి నిలబడి సాక్ష్యం చెప్పాను. సాక్ష్యమంటే దేవుడు మనకి చేసిన మేలు సంఘం ముందు నోరారా చెప్పడం. జనుల చేతులు శుభ్రం చేసే పని నా భర్తకిచ్చిన దేవునికి స్తోత్రం అన్నాను. ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. ఎవరికీ లొంగని మా నాన్న కూడా ఆమెన్ అన్నాడు. అది మొదలు ఏటా ఆ సాక్ష్యం అడిగి మరీ చెప్పించుకుంటున్నారు. ఏటా అంతే సంతోషంగా చెప్తున్నాను.

వాసన తగలగానే మనసు ఎన్ని సర్దుబాట్లు చేసిందో! ఈ చుట్టుపక్కలే కదా వాళ్ళ కంపెనీ, గాలికి చొక్కాలకి అంటుకుంటుందేమోలే అనుకున్నాను. శానిటైజర్‌కీ, దీనికీ స్పిరిట్ ఒక్కటేనేమో అనుకున్నాను. ఆశీష్‌కి ఫోన్ చేశాను. ఎత్తలేదు. షిఫ్టులో ఫోన్లు లాకర్లో పెట్టించేస్తారని ఎప్పుడూ చెప్తూనే ఉంటాడు.

మమత అని, చలాకీ పిల్ల, మమ్మల్ని తిప్పి చూపించింది. బెంగళూరులోనే పుట్టి పెరిగిన తెలుగమ్మాయి. మా టీంలో సగానికి పైగా తెలుగువాళ్ళేనని తెలిశాక ఇంగ్లీషు వదిలేసింది. పెళ్ళిళ్ళలో అన్నం వండే గుండిగంత రాగి బాన చూపించి, "ఇందులోనే ఉడుకుతాది అప్పా. ఆవిరి పైకి పోయి, చల్లారి, ఆ పక్కన కారతాది" అంది. బానకి మెడ ఉంది. అక్కడి నించి గొట్టం. కింద గాజు పాత్రలో నీళ్ళలాంటిది సన్నగా పడుతోంది. చూడ్డానికి ఎంత అమాయకంగా ఉందో.

క్లాసు గదిలో పొడుగాటి బల్లలు. ఒక్కొక్కరి ముందూ మూతపెట్టి ఊపే షేకరు, మందు కొలిచే చిన్న గిన్నె, వడకట్టుకునే జల్లెడ, ఐసు. ఎవరో రాలేదని వంశీ ఆ ఖాళీలో నన్ను నిలబెట్టి ఏప్రన్ కట్టించాడు. "ఇప్పుడు యాష్ సార్ వస్తాడు. బెంగళూరులో ఈయప్ప క్లాసుకి ఉండే పేరు ఇంగెవరికీ లేదు" అంది మమత.

యాష్ సార్ వచ్చాడు. నల్ల ఏప్రన్, మోచేతుల దాకా మడిచిన చొక్కా. పొద్దున నేను ఇస్త్రీ చేసిన చొక్కానే.

నన్ను చూశాడు. చూడలేదని రేపు ఎంత బుకాయించినా నమ్మను. చూపు నా మీద పడింది, పెదవి కదిలింది, ఆ తర్వాత చూపు నా పక్కన నిలబడ్డ పిల్లాడి మీదికి జరిగిపోయింది. "హలో, నేను యాష్. ఇవాళ మీకు మూడు డ్రింక్స్ చేయడం నేర్పిస్తాను" అన్నాడు. ఆ గొంతు నాకు తెలియదు. మా ఇంట్లో ఆ మనిషి అంత గట్టిగా, అంత హాయిగా ఎప్పుడూ మాట్లాడలేదు.

కోపం ఇంకా రాలేదు, ముందు సిగ్గేసింది. తప్పు చేసింది వాడైతే సిగ్గు నాకెందుకో తెలియదు. నా మనసులో ఒక్కటే. ఒక్క మాట అను ఆశీష్. ఈమె నా భార్య అను. మందు కాచినా, మందు అమ్మినా, ఇన్నాళ్ళు దాచినా, మా నాన్న బల్ల దగ్గర చేయి వెనక్కి లాగేసుకున్నా, అదంతా ఇంటి దగ్గర తేల్చుకుందాం. నేను నీ ఎదురుగా నిలబడి ఉన్నాను. నేనెవరో ఒక్కసారి చెప్పు.

చెప్పలేదు. ఐసు ముందు వేయాలన్నాడు. నిమ్మకాయ గట్టిగా పిండితే చేదు దిగుతుందన్నాడు. బల్ల బల్లకీ తిరుగుతూ నా దగ్గరికీ వచ్చాడు. నా షేకర్లో జిన్ బదులు అల్లంనీళ్ళు పోశాడు. వేలికి పెళ్ళి ఉంగరం లేదు. కెమికల్స్ కదా, పెట్టుకోనివ్వరు అనేవాడు. ఉంగరం ఉండాల్సిన చోట చర్మం తెల్లగా ఉంది.

"మూత గట్టిగా నొక్కండి మేడమ్" అన్నాడు.

"ఇలాగేనా సార్?" అన్నాను.

నుదుటి మీద చెమట పట్టింది వాడికి. "అలాగే" అని పక్క బల్లకి వెళ్ళిపోయాడు. నేను షేకర్ పట్టుకుని ఊపాను. ఎంత ఊపానంటే పక్కనున్న పిల్లాడు, సిస్టర్, చాలు చాలు అన్నాడు.

మొదటి డ్రింకు అయ్యేసరికి గదిలో మాటలు పెరిగాయి. వంశీ గ్లాసు పైకెత్తి, "సార్, శానిటైజర్ కథ చెప్పాలి! రివ్యూల్లో అందరూ అదే రాశారు. డ్రింక్స్ సంగతి ఎలా ఉన్నా ఆ కథ మిస్ అవ్వొద్దని" అన్నాడు.

"ఇవాళ టైం లేదు. రెండో డ్రింక్ చూద్దాం" అన్నాడు ఆశీష్.

"కథ! కథ!" అని బల్లలు చరిచారు.

"సార్ ఈపొద్దు బిగుసుకుండాడు. నేను చెప్తా ఉండండి" అని మమత ముందుకొచ్చింది. ఆశీష్ వద్దు మమతా అన్నాడు. అంత మెల్లిగా అంటే ఎవరు వింటారు?

"మా సార్ పెండ్లాము శానా భక్తి అప్పా" అని మొదలుపెట్టింది. "ఆమె లెక్కలో సార్ ఇంకా శానిటైజర్ కంపెనీలోనే ఉండాడు. కరోనాలో ఈడ శానిటైజరే చేసినాం, అది నిజమే. తర్వాత మళ్ళీ జిన్‌కి వచ్చేసినాం. సార్ మాత్రం ఇంట్లో చెప్పలేదు. చెప్తే మామ చర్చిలోంచి తరుముతాడంట! ఇంగ చూడండి, ఆమె ప్రతి సంవత్సరమూ చర్చిలో నిలబడి..."

మమత కళ్ళు గట్టిగా మూసుకుంది. కొలత గిన్నె పట్టుకున్న కుడిచేయి పైకెత్తింది. "జనుల చేతులు... శుభ్రం చేసే పని... నా భర్తకిచ్చిన దేవునికి స్తో... త్రం!"

గది గదంతా విరగబడి నవ్వింది.

ఆ పిల్ల నన్నెప్పుడూ చూడలేదు. అయినా నేను ఎక్కడ ఆగుతానో, స్తోత్రం దగ్గర గొంతు ఎంత పైకి పోతుందో, మునివేళ్ళ మీద ఎలా లేస్తానో అంతా దింపేసింది. నేర్పినవాడు ఒక్కడే. ఎన్నిసార్లు చేసి చూపిస్తే వచ్చి ఉంటుంది అంత బాగా? నేను కళ్ళు మూసుకుని దేవుడితో మాట్లాడుతుంటే, మగవాళ్ళ వరసలో కూర్చుని వీడు నన్ను బట్టీ పడుతున్నాడన్నమాట.

"అయిపోలేదు అప్పా!" అంది మమత. "నెలకొక శానిటైజర్ క్యాను చర్చికి ఫ్రీగా ఇస్తామని ఒప్పుకున్నాడంట. కంపెనీలో చేస్తే కదా ఇచ్చేది! సార్ చిక్కపేట మార్కెట్లో కొని, లేబులు పీకేసి, మా కంపెనీదే అని ఇస్తాడు!"

వంశీ కళ్ళ నీళ్ళు తుడుచుకుంటున్నాడు. ఆ క్యాన్లు ఆటోలోంచి దింపి చర్చి గుమ్మం దగ్గర పెట్టేది నేనే. వచ్చినవాళ్ళ చేతుల్లో పోస్తూ, మా ఆయన కంపెనీదండీ అని చెప్పేది నేనే. ఉద్యోగం దాచాడంటే భయం అనుకోవచ్చు. మా నాన్నంటే భయపడని అల్లుడు ఎక్కడుంటాడు? ఆ భయాన్ని నేను క్షమించేదాన్ని, ఏడ్చి, అరిచి, రెండ్రోజులు మాట్లాడకపోయినా క్షమించేదాన్ని. కానీ నా ప్రార్థన తీసుకొచ్చి ఈ బల్లల మీద పల్లీలతో పాటు వడ్డించాడు. అబద్ధం వాడిది, దాన్ని దేవుడి సన్నిధిలో పలికిన నోరు నాది.

"సార్, ఒక్కసారి ఆమెని క్లాసుకి తీసుకురండి!" అని ఎవరో అరిచారు. "ఫోటో అయినా చూపించండి సార్!" అని ఇంకొకరు.

అప్పుడు ఆశీష్ నా వైపు చూశాడు. ఈసారి సూటిగా చూశాడు. చెప్పేస్తాడనే అనుకున్నాను.

"ఫోటో లేదు, మనిషీ లేదు" అన్నాడు. "క్లాసు సరదాగా సాగాలని అల్లిన కథ అది. నాకసలు పెళ్ళే కాలేదు."

"అదేంది సార్!" అని మమత నోరు తెరిచింది. అందరూ ఉస్సూరుమన్నారు.

నన్ను కాపాడాననుకుని ఉంటాడు. లేని మనిషిని చూసి నవ్వితే నాకు నొప్పి తగలదని ఆ చిన్న బుర్రకి తోచి ఉంటుంది. వాడి మొహంలో కాస్త తేరుకున్న కళ కూడా వచ్చింది, గండం గట్టెక్కినట్టు.

నేను ఏప్రన్ విప్పి బల్ల మీద పెట్టాను. "అబద్ధం" అన్నాను. గొంతు నేననుకున్న దానికన్నా గట్టిగా వచ్చింది. "ఈయనకి పెళ్ళయింది. ఆ భార్యని నేనే."

ఐసు డబ్బాలో ముక్కలు జారిన చప్పుడు వినిపించింది.

తర్వాత వంశీ బల్ల చరిచాడు. "సిస్టర్! మీలో ఇంత ఉందా!" అని పడీ పడీ నవ్వాడు. దాంతో అందరికీ నవ్వు అందుకుంది. ఆఫీసులో నేను జోకు వేయడం వాళ్ళెప్పుడూ చూడలేదు. ఎవరో ఈల వేశారు. మమత పరుగెత్తుకొచ్చి, "అక్కా, నాకన్నా బాగా చేసినావు, ఆ మొగము చూడు, నిజం మాదిరే ఉండాది!" అని నా భుజం పట్టుకుని ఊపింది. నేనెవరి వైపూ చూడలేదు. వాడి వైపే చూశాను. ఇంకా సమయం ఉంది. కాదు, ఆమె చెప్పింది నిజమే అంటే చాలు, ఆ నవ్వులన్నీ అక్కడికక్కడ ఆగిపోతాయి.

ఆశీష్ నేల వైపు చూశాడు. నవ్వుతున్న వాళ్ళ వైపు చూశాడు. మెల్లిగా వాడి పెదాలు కూడా విచ్చుకున్నాయి. అందరూ చప్పట్లు కొడుతుంటే చేతిలోని గ్లాసు పక్కన పెట్టి తనూ కొట్టాడు.

"బాగా చెప్పారు మేడమ్" అన్నాడు.