శనివారం బెల్లం

మోతికి కడుపు చెడేది ఆదివారం ఆదివారమే. సోమవారం నుంచి శనివారం దాకా గుండ్రాయిలా తిరిగే కుక్క, ఆదివారం తెల్లారేసరికి వాకిట్లో చేయకూడని పనంతా చేసేసి, తనకే సిగ్గేసినట్టు గోడవైపు తిరిగి కూర్చునేది. నోరు లేని జీవానికి వారాలెవరు నేర్పారురా భగవంతుడా అని పుష్పమ్మ తల పట్టుకునేది.

తన వాకిలే అయితే బూడిద పోసి ఎత్తేసి ఊరుకునేదే. ఆ వాకిలి ఇంటామె కౌసల్యమ్మది. ఇస్నాపూర్‌లో పాత కాపుదనం వాళ్ళది. పొలంలో సగం ఫ్యాక్టరీల కిందికి పోయాక, పెరట్లో వరసగా గదులు కట్టి కిరాయికిచ్చింది. ఒక గదిలో పుష్పమ్మ, ఆమె పెనిమిటి బాలప్ప. పక్క గదిలో గోదావరి వైపు నుంచి వచ్చిన వీరలక్ష్మి, ఆమె మొగుడు, పిల్లలు. గదులెన్నున్నా వాకిలి ఒకటే. ఇంతమంది ఆడవాళ్ళున్నా అలుకు చల్లి ముగ్గు పెట్టే పని కౌసల్యమ్మ ఎవరికీ ఇవ్వదు. ఆ ఆదివారం మోతి సరిగ్గా ముగ్గు నడుమనే కానిచ్చింది.

"ఓ పుష్పా! బయటికి రా, నీ బిడ్డ చేసిన నిర్వాకం సూడు!" కౌసల్యమ్మ కేకకు గదుల తలుపులన్నీ తెరుచుకున్నాయి. "ఇగ నాతోని కాదు. లచ్చిందేవి వచ్చే వాకిలి ఇది. వచ్చే ఆదివారం గిట్లనే అయ్యిందనుకో, కుక్కన్న పోవాలె, మీరన్న పోవాలె. గంతే!"

"పెద్దమ్మా, జెర ఓపిక పట్టు. దవఖానల సూపెట్టిన, గోలీలు ఏస్తున్న..."

"ఎన్ని ఆదివారాలు పట్టాలె ఓపిక?"

అడగాల్సిన మాటే. పుష్పమ్మ చేయని వైద్యం లేదు. గంజి తాగించింది, దానిమ్మ తొక్క ఉడికించి పోసింది. ఇదే కౌసల్యమ్మ మనసు మంచిగున్నప్పుడు చెబితే ఉప్పూ ఎండుమిరపకాయలూ తిప్పి దిష్టి కూడా తీసింది. ఆ ఘాటుకు వీధంతా దగ్గింది గానీ కుక్క కడుపు కుదుటపడలేదు. పటాన్‌చెరు పశువుల డాక్టరు మాత్రం ఒకే మాట అన్నాడు. "నువ్వు పెట్టేది కాక ఇంకెవరో ఏదో పెడుతున్నారమ్మా. అది ఆపకపోతే నా మందులు దండగ."

అప్పట్నుంచీ పుష్పమ్మ కన్ను వీరలక్ష్మి పొయ్యి మీదే ఉంది. ఎందుకంటే ఆదివారం ఆ ఇంట్లో చేపల పులుసు. చింతపండు పులుసు వాసనకు మనుషులకే నోరూరుతుంది, ఇక కుక్క సంగతి చెప్పాలా! ముళ్ళూ తలకాయలూ పారేస్తూ ఉంటే ఇది తింటోందని లెక్క కట్టేసుకుంది. కౌసల్యమ్మ మాటతో కడుపు మండి ఉందేమో, ఆ మంట తీసుకెళ్ళి వీరలక్ష్మి గడప ముందు పోసింది.

"మీ చాపల తోటి నా మోతి పానం తీస్తున్నరు! తినేటోళ్ళు తినుండ్రి, వద్దన్ననా? మా కుక్కకెందుకు పెట్టాలె?"

వీరలక్ష్మి చేతిలో అట్లకాడతోనే బయటికి వచ్చింది. ఆమెకూ పౌరుషం వచ్చింది. "ఇదెక్కడి చోద్యం అక్కా! మావారు బజారుకెళ్ళి చేప తెచ్చేదే ఎండెక్కాక. అది పొయ్యెక్కేసరికి మధ్యాన్నం. మీ కుక్కకి తెల్లారకముందే మొదలైందిగా? వండని చేప తిని జబ్బు పడిందా?"

గదుల ముందు నిలబడ్డ ఆడవాళ్ళు కిసుక్కుమన్నారు. ఈ లెక్క పుష్పమ్మకు తట్టనే లేదు. నిజమే కదా! మోతిని లాక్కుని గదిలోకి వచ్చి తలుపు దగ్గరకేసింది.

లోపల బాలప్ప గోడకు ఆనుకుని బీడీ కాలుస్తున్నాడు. బాలప్ప నోట్లోంచి మాట రావాలంటే ముందు దరఖాస్తు పెట్టుకోవాలని ఫ్యాక్టరీలో వేళాకోళం చేస్తారు. అట్లాంటి మనిషి ఆ రోజు అడక్కుండానే నోరు తెరిచాడు.

"లొల్లి ఎందుకు? వచ్చే ఆదివారం ఇస్మాయిల్‌ఖాన్‌పేట తీస్కపోయి మా అక్క కాడ ఇడిచిపెట్టొస్త తియ్యి."

"ఇడిచిపెడ్తవా? నీ చేతులతోనే తెచ్చినవు కదా!"

నిజమే, తెచ్చింది అతనే. కంపెనీ గేటు పక్క మోరీలో వానకు తడిసి మూలుగుతున్న కుక్కపిల్లను చొక్కాలో దాచుకుని తెచ్చి, ఏమీ చెప్పకుండా ఆమె ఒళ్ళో పెట్టాడు. ఆ ఒడి నిండాలని పుష్పమ్మ ఎన్ని ముడుపులు కట్టిందో ఆ దుర్గమ్మకే తెలుసు. అడిగి అడిగి అలసిపోయి గుడికి పోవడం మానేసిన ఏడాదే మోతి వచ్చింది. కుక్కను బిడ్డ అనుకుంటున్నానంటే నలుగురూ నవ్వుతారని పైకి అనేది కాదు గానీ, దాన్ని వదులుకోమంటే పేగు తెంపినట్టే ఉంది పుష్పమ్మకు. ఈ మనిషికి చీమ కుట్టినట్టైనా లేదే అని ఏడుపొచ్చింది. ఆ కోపంలో, ఆ రోజు బాలప్ప ఎదురుగా ఉన్న అన్నం ముట్టకుండా లేచిపోవడం కూడా ఆమె పట్టించుకోలేదు.

మధ్యాహ్నం బట్టలు ఉతకడానికి గోడ మేకుకు వేలాడుతున్న ఖాకీ ప్యాంటు దించింది. దించి "అబ్బా!" అని విదిలించింది. ఎర్రచీమలు. గోడ మీంచి బారు కట్టి నేరుగా జేబులోకి పోతున్నాయి. జేబు తిరగేస్తే జిగటగా ఉన్న న్యూస్‌పేపరు ముక్క, దానికి అంటుకుని ఇంత బెల్లం.

బెల్లం! బాలప్పలా పౌడరు సెక్షన్‌లో పనిచేసేవాళ్ళకు శనివారం శనివారం కంపెనీ బెల్లం గడ్డ ఇస్తుంది. బెల్లం తింటే ఛాతీలోకి పోయిన దుమ్ము దిగిపోతుందని అక్కడ అందరికీ నమ్మకం. బాలప్ప అక్కడే తినేసి వస్తున్నాడనుకుంది ఇన్నాళ్ళూ. ఆమె ఇంకా ఆలోచిస్తుండగానే మోతి వచ్చి, ఆ కాగితాన్ని ఇష్టంగా నాకి, మిగతాది ఏదీ అన్నట్టు ఆమె మొహంలోకి చూసి తోక ఊపింది.

"ఓరి దొంగ మొగుడా!" అంది పుష్పమ్మ. ఆ తిట్టు కుక్కకు కాదు.

అడిగితే ఆ మనిషి నోరు విప్పడని ఆమెకు తెలుసు. అందుకే వారమంతా బిగబట్టింది. శనివారం పొద్దుగూకే వేళ, కంపెనీ బస్సు వచ్చే టైముకు మోతి రోజూలాగే బాలప్పకు ఎదురు పరుగెత్తింది. కాస్త వెనకగా పుష్పమ్మ కూడా కొంగు బిగించి బయల్దేరింది. ఇవాళ ఆయన సంగతి తేల్చేయాలని దారిపొడవునా తిట్లు కూర్చుకుంటూనే నడిచింది.

హైవే పక్కన, మూసేసిన పంక్చర్ షాపు వెనక బాలప్ప గొంతుక్కూర్చుని ఉన్నాడు. ఒళ్ళంతా తెల్లటి పొడి. ఒళ్ళో పొట్లం విప్పి, బెల్లం చిన్నచిన్న ముక్కలు చేసి అరచేతిలో పెట్టి అందిస్తున్నాడు.

"తిను బిడ్డా, తిను. నాయిన తెచ్చిండు. ఈ లారీల దుమ్మంత నీ ఛాతిల వడ్తున్నది. బెల్లం తింటె దిగిపోతది. గా కడుపునొప్పి గూడ తగ్గాలె నీకు. తగ్గకుంటె నిన్ను పంపియ్యాలె. నిన్ను పంపి నేనెట్లుంట బిడ్డా?" అంటూనే దగ్గు తెర వచ్చి పక్కకు తిరిగాడు.

పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆ మనిషి ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడటం పుష్పమ్మ వినలేదు. కూర్చుకొచ్చిన తిట్లు ఒక్కటీ గుర్తుకు రాలేదు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అయినా మొదటి ముక్క మోతి నోట్లోకి పోవడం చూసి గబగబా వచ్చి పొట్లం లాక్కుంది.

"ఆగు! గీ బెల్లంతోనే దాని కడుపు చెడుతున్నది! గింత గింత గడ్డ కుక్కకు అరుగుతదా?"

బాలప్ప దొంగతనం చేస్తూ దొరికినట్టు లేచి నిలబడ్డాడు. కుక్కనూ, పొట్లాన్నీ మార్చి మార్చి చూశాడు. ఆదివారాలన్నీ ఒక్కొక్కటే గుర్తొస్తున్నట్టున్నాయి, మొహం పాలిపోయింది. "నేనేనా? నేనే చేసిన్నా దానికి?"

"తెల్వక చేసినవు. మరి ఇచ్చింది నీకు కదా, నువ్వెందుకు తినవు? దగ్గు ఎట్లున్నదో సూస్కున్నవా?"

బాలప్ప చేతికంటిన బెల్లం ప్యాంటుకు తుడుచుకున్నాడు. "గేటు కాడ అందరు పొట్లం జేబుల పెట్టుకుంటరు పుష్పా. ఎవ్వలు తినరు. పిల్లలు ఎదురు సూస్తుంటరు అంటరు. ఒక్కన్ని నేనే అక్కడ నిలవడి ఎట్ల తినాలె? నాకు గూడ ఎదురు సూసేది ఒకటున్నదని..."

పుష్పమ్మ పొట్లంలోంచి ఇంత ముక్క తుంచి అతని నోట్లో పెట్టింది. అతను పసిపిల్లాడిలా నమిలాడు. మోతి ఇద్దరి వంకా చూసి ఇది అన్యాయమన్నట్టు మొరిగింది.

"మొరుగు, ఎంత మొరుగుతవో మొరుగు," అంది కళ్ళు తుడుచుకుని. "ఇగ శనివారం దానికి ఒక గుడ్డు తీస్కరా, ఉడకబెట్టి పెడ్త. నీకు గూడ జేబుల పెట్టుకుని తెచ్చేటందుకు ఒకటి ఉంటది. బెల్లం మాత్రం నా ముందట తినాలె నువ్వు."

తెల్లారింది. పుష్పమ్మ ముందు వీరలక్ష్మి గడపకే పోయింది. "తప్పయింది చెల్లె, నోరు జారిన," అంది. వీరలక్ష్మి మూతి మూడు వంకరలు తిప్పింది గానీ మనసు వెన్న. "సర్లే అక్కా, ఇయ్యాల పులుసు పంపుతా. కుక్కకి కాదు, మీకు!"

కౌసల్యమ్మ ముగ్గు గిన్నెతో వచ్చి వాకిలంతా కలియజూసింది. ఎక్కడా మరక లేదు. మోతి ఎండలో కాళ్ళు చాపి దర్జాగా పడుకుని ఉంది. ఆమె కాస్త నిరాశపడినట్టే కనిపించింది.

"ఏం మందు ఏసినవే? గిన్ని దినాలు ఏం రోగముండె దీనికి?"

"రోగం కాదు పెద్దమ్మా, గారాబం," అంది పుష్పమ్మ. తర్వాత ఇన్నాళ్ళూ నవ్వుతారని దాచుకున్న మాటను, గదులన్నిటికీ వినబడేట్టు గట్టిగా అనేసింది. "వాళ్ళ నాయిన జెర ఎక్కువ గారాబం చేసిండు."

ఎవరూ నవ్వలేదు. లోపల గడ్డం గీసుకుంటున్న బాలప్ప చెయ్యి ఆగిపోయింది. అద్దంలో తన మొహాన్ని కాసేపు చూసుకుని, "మోతీ!" అని గట్టిగా పిలిచాడు. అది తోక ఊపుకుంటూ ముగ్గు తొక్కకుండా పక్కనుంచి లోపలికి పరుగెత్తింది.